గాలి తీసిన సంచి - సగము నిజము

ఆహారమును ప్లాస్టిక్ సంచిలో ఉంచి, లోపలి గాలిని లాగివేసి, మూతిని వేడితో అతికించు చిన్న యంత్రములు నేడు ఇండ్లలోనికి వచ్చినవి. గాలి లేనందున ఆహారము చెడదని వీటిని గూర్చి చెప్పుచుందురు. ఈ మాటలో సగమే నిజము.

ఈ పొరపాటు క్రొత్తది కాదు. ఆహారమును సీసాలలో బిగించి, మరుగు నీటిలో కాచి నిలువచేయు పద్ధతిని ఫ్రాన్సులో నికొలా అపేర్ 1810లో ప్రకటించెను. ఆ సీసాలను పరీక్షించిన గేలుసాక్, ఆమ్లజని లేకపోవుటయే ఆహారము చెడకుండుటకు కారణమని తలచెను. కాని ఆమ్లజని లేకయే బ్రతుకు సూక్ష్మజీవులు కలవని 1861లో పాస్తర్ చూపెను. సీసాలోని జీవులను చంపినది వేడి. బిరడా క్రొత్తవానిని రానీయలేదు.

ఇంటి యంత్రము గాలిని, అదియును చాలవరకు మాత్రమే, తీయును. అందుచే పప్పులు, జీడిపప్పు వంటి ఎండు దినుసులకు పురుగు, ముక్కవాసన తగ్గును. అంతవరకు మేలే. తడి గలిగి పులుపు లేని కూర, మాంసముల సంగతి వేరు. ప్రాణాంతకమైన విషమును పుట్టించు క్లాస్ట్రిడియం బొటులినం అను బాక్టీరియాకు గాలిలేని తావే అనుకూలము. దాని బీజములు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉడికించినను మిగులవచ్చును. దుర్వాసనతో హెచ్చరించు ఇతర జీవులు గాలి లేక పెరగకపోవుట మరియొక చిక్కు.

కావున ఇట్టి ఆహారమును సంచిలో మూసినను రెఫ్రిజరేటరులోనే ఉంచి కొలది దినములలో వాడవలెను. ఎక్కువ కాలము నిలువకు -18 డిగ్రీల చలి కావలెను. యంత్రముతో ఇచ్చు కాగితములో మొదట ఉండవలసిన మాట ఇది.