మొహం గురించి నాలుగు మాటలు

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పేచోట ముందుగా బట్టీ పట్టించేది ‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’కి జవాబు. దాంతో ఇంటర్వ్యూ గట్టెక్కుతుంది, కాదనను. ఉద్యోగంలో చేరాక, మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ‘యువర్ స్కిన్ ఈజ్ గ్లోయింగ్ యా, వాట్ ఆర్ యు యూజింగ్?’ అంటారు. అక్కడ మా బాలానగర్ పిల్లలకు నోరు పెగలదు.

మాది ఫ్యాక్టరీల పేట. ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ కొలువుల మీద నిలబడ్డ ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్ల మనవరాళ్లు ఇప్పుడు పొద్దున్నే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీకి పోతున్నారు. 2019 మార్చిలో ఆ లైను తెరిచాక దారి సులువైంది. సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లిష్ మాట్లాడటం సాధన చేసేది ఎక్కువగా వీళ్లే. వ్యాకరణం వాళ్లకు వచ్చు, కబుర్లే రావు. అందుకే నేను మొహం నుంచి మొదలుపెడతాను. అది అందరికీ ఉంటుంది. పైగా సగం మాటలు ఎప్పుడో నోటికి వచ్చేశాయి: ఫేస్‌వాష్, సన్‌స్క్రీన్, సీరమ్, త్రెడింగ్, క్లీనప్. మా అమ్మమ్మల నోట స్నో, పౌడరు తెలుగైపోయినట్టే ఇవీ అయిపోయాయి.

ఇక కావలసింది క్రియలే. రోజూ చేసేదైతే ‘ఐ యూజ్’. ఈమధ్యే మొదలైతే ‘ఐ హావ్ స్టార్టెడ్ యూజింగ్’. రెండు వారాలుగా సాగుతుంటే ‘ఐ హావ్ బీన్ యూజింగ్ ఇట్ ఫర్ టూ వీక్స్’. టెన్సుల పట్టిక చూసి తల పట్టుకున్న అమ్మాయే, సీరమ్ సీసా చేతికిస్తే మూడూ తడుముకోకుండా చెప్తుంది. పడలేదు అనడానికి ‘ఇట్ డిడ్‌న్ట్ సూట్ మి’ చాలు. మొటిమలు పేలితే ‘ఐ బ్రోక్ అవుట్’. వీడియోల్లో వినిపించే ‘గేమ్ ఛేంజర్’, ‘హోలీ గ్రెయిల్’ మాత్రం నా దగ్గర నిషేధం. అవి సరుకు అమ్మే మాటలు. స్నేహితురాలు అలా మాట్లాడితే కమిషన్ ఎంతే అని అడగాలనిపిస్తుంది.

అసలు కష్టం మర్యాద దగ్గర. ‘ఏంటే, మొహం అలా పీక్కుపోయింది? నల్లబడ్డావు కూడా’ అంటే మన ఇళ్లలో అది ప్రేమ. దాన్నే ఆఫీసుకు మోసుకెళ్లి ‘యు హావ్ బికమ్ బ్లాక్’ అంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఫోన్లు చూసుకుంటారు. ‘లాంగ్ వీక్?’ అని అడిగితే సరిపోతుంది. ఎండ సంగతి ఆమే ఎత్తితే ‘ఐ టాన్ ఈజిలీ టూ’ అని మన మీద వేసుకోవచ్చు. మాట మార్చినంత మాత్రాన మనసులోది మారుతుందా అంటే, అనుమానమే. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ట్యూబు కొనేవాళ్ల ఆశ కూడా అదే ఏడాది మారిందంటే నేను నమ్మను. ఎవరైనా ‘బ్రైటెనింగ్’ అన్నప్పుడల్లా నేనో ప్రశ్న వేస్తాను: దేనికంటే బ్రైట్? జవాబు ఇంగ్లిష్‌లోనే చెప్పాలి. చాలాసేపు పడుతుంది.

పొగడ్త అందుకోవడం ఇంకో చిక్కు. బాగున్నావే అంటే మనం ‘ఏం బాగులే, రాత్రంతా నిద్రే లేదు’ అంటాం, దిష్టి భయమో వినయమో. ఇంగ్లిష్‌లో అలా కొట్టిపారేస్తే ఎదుటి మనిషి ఓదార్పులోకి దిగుతుంది, కబురు అక్కడ తెగుతుంది. ‘థాంక్స్, ఐ ఫైనల్లీ స్లెప్ట్ వెల్. వాట్ అబౌట్ యు?’ అనాలి. ఆ చివరి ప్రశ్న మరిచిపోతే అది మళ్లీ ఇంటర్వ్యూనే.

సలహాలో ‘యు షుడ్’ వద్దంటాను. ‘ఇట్ వర్క్డ్ ఫర్ మి’ అని ఊరుకోవాలి. రెటినాల్ లాంటిదైతే ‘డూ ఎ ప్యాచ్ టెస్ట్ ఫస్ట్’ అని కలపాలి. ఒకరికి పడిందే ఇంకొకరి చర్మం కందిపోయేలా చేస్తుంది. గర్భిణులు దాన్ని వాడొద్దని డాక్టర్లు చెప్తారు, బల్ల దగ్గర ఎవరి సంగతి ఎవరికి తెలుసు?

అన్నిటికంటే కష్టమైన పాఠం సున్నిపిండి. సీరమ్ సంగతులన్నీ సీసా మీదే రాసుంటాయి. భోగి నాడు తలంటి, ఒంటికి నూనె రాసి నలుగు పెట్టడం ఏ సీసా మీదా ఉండదు. మా వీధి అమ్మాయి ఒకతె ఆఫీసులో దాన్ని వివరించాల్సి వచ్చింది. సాయంత్రం వస్తూనే మొదలుపెట్టింది.

‘పెసలు గ్రీన్ గ్రామ్ అన్నా ఆంటీ, పసుపు టర్మరిక్ అన్నా. మరీ మెత్తగా కాకుండా పట్టించాలని చెప్పా. రుద్దితే మట్టి వత్తులు వత్తులుగా రాలుతుంది చూడండి, దానికి మాటే దొరకలేదు, చెయ్యి రుద్దుకుని చూపించా. అంతా విని లక్నో అమ్మాయి, ఓ, ఉబ్టన్! అంది. ఇక అందరూ హిందీలోకి దూకేశారు.’

‘మరి నువ్వో?’

‘నేనూ దూకా. హిందీ మనకి ఎవరైనా నేర్పాలా ఆంటీ, బాలానగర్‌లో?’