తిరువూరు అన్న మాటను గీసేవారు

తిరువూరు అని టైపు చేస్తే కంప్యూటర్ దాచుకునేది బొమ్మ కాదు, ఎనిమిది సంకేతాలు: త, గుడి, ర, కొమ్ము, వ, కొమ్ముదీర్ఘం, మళ్లీ ర, కొమ్ము. బస్సు బోర్డు మీద మనకు కనిపించేవి నాలుగే అక్షరాలు. ఈ రెంటినీ కలిపేది ఫాంటు గీసేవారి చెయ్యి. దాన్ని నేను టైపింగుకు తోకగా కాక, విడిగా ఒక శిల్పంగానే గౌరవిస్తాను. గుడి వచ్చిందంటే త తన తలకట్టు వదులుకోవాలి. ర కుడిపక్కన నిలిచే కొమ్ము, వ దగ్గర అడుగునుంచి మొదలవ్వాలి. లేకుంటే వు ఏదో, మ ఏదో పోల్చుకోలేం. స్త్రీ అన్న ఒక్క అక్షరం వెనక ఆరు సంకేతాలున్నాయి. ఏది వత్తవుతుందో, ఎక్కడ ఒదుగుతుందో ముందే ఆలోచించి నియమాలు రాసిపెట్టాలి.

ఇంత శ్రమ ఎందుకు, ప్రతి ఆకారానికీ ఒక అంకె ఇస్తే పోదా అనవచ్చు. ఒకప్పటి డీటీపీ ఫాంట్లు దాదాపు అదే చేశాయి. ఆకారపు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో అమర్చాయి. వాటితో శుభలేఖలు, కరపత్రాలు అందంగానే అచ్చయ్యాయి, ఆ ఘనత చిన్నది కాదు. కానీ ఫాంటు మారిస్తే వాక్యం చెదిరేది, వెతికితే మాట దొరికేది కాదు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే. రూపాల భారమంతా ఫాంటుకు వదిలేసింది. అందుకే పోతన ఫాంటులో కూర్చిన ఊరిపేరును మరో యూనికోడ్ ఫాంటులోకి మార్చినా వంపులే మారతాయి, పేరు చెక్కుచెదరదు.