విప్పి చూసే విద్య

వానలు వెనకబట్టాక సైకిల్‌ని ఓవరాయిలింగ్‌కి ఇవ్వడం ఒకప్పుడు పండక్కి ఇంటికి సున్నం కొట్టించినంత మామూలు పని. పొద్దున షాపులో వదిలితే, బండిని ముక్కముక్కలుగా విప్పి, కిరసనాయిలు పళ్లెంలో నానబెట్టి, తోమి, గ్రీజు పెట్టి సాయంత్రానికల్లా బిగించి ఇచ్చేవారు. చూసేవాళ్లకు కడిగి నూనె వేయడమే అనిపిస్తుంది. అసలు పనితనం వేరే ఉంది. ఏ భాగం ఎంత అరిగింది, దాన్ని ఇంకా లాగిస్తే పక్కనున్న ఏ భాగాన్ని తినేస్తుంది అన్నది తేల్చడమే ఆ పనితనం.

చైను సంగతే తీసుకోండి. సాగిందంటాం గానీ దాని ఇనుప పట్టీలు సాగవు. లింకుల్ని కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షులు అరిగి ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి సందు పడుతుంది. అవన్నీ కలిసి చైను పొడవు పెరుగుతుంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, కాబట్టి 24 లింకులకు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. స్కేలు పెట్టినప్పుడు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే మార్చే వేళయినట్టే. ఎనిమిదో వంతు దాకా ఆగారా, ఆ పొడుగు చైను ఫ్రీవీల్ పళ్లను తన కొలతకు అరగదీసుకుంటుంది. ఆ తర్వాత కొత్త చైను వేసినా మిట్ట ఎక్కేటప్పుడు పళ్ల మీంచి జారుతుంది. ‘ఫ్రీవీలు కూడా మార్చాలి’ అన్న మెకానిక్‌ని మనం అనుమానంగా చూసేది ఇక్కడే. తప్పు అతనిది కాదు, ఆలస్యం చేసిన మనది.

చైను మీద నూనె ధారగా పోయడం మరో పాడలవాటు. పైన నిలిచిన నూనెకు దుమ్ము అంటుకుని, సానపట్టే ముద్దలా మారి పిన్నుల్నే అరగదీస్తుంది. కడిగి, ఆరాక, రోలరుకొక చుక్క వేసి, కాసేపాగి పైనంతా గుడ్డతో తుడిచేయాలి.

ఇరుసు దగ్గర పని ఇంకా నాజూకు. పాత నల్ల సైకిల్ ముందు చక్రంలో ఒక్కో వైపు 10 చిన్న బాల్స్, వెనక చక్రంలో ఒక్కో వైపు 9 పెద్ద బాల్స్ ఉంటాయి. ఆ బాల్స్ ఆనుకుని తిరిగే కోన్ తుడిచి వెలుగుకు పట్టి చూస్తే బాల్స్ పరిగెత్తిన దారి నున్నగా మెరవాలి. గుంటలు కనబడితే కోన్ పోయినట్టే. బాల్స్‌లో ఒకటో రెండో పాడైనా సెట్టంతా మార్చాల్సిందే. అరిగిన వాటి మధ్య కొత్తవి రవ్వంత పెద్దవై బరువంతా వాటి మీదే పడుతుంది. ఇక బిగింపు. చక్రాన్ని నేల మీంచి లేపి వదిలితే వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి, ఊగి ఊగి, వాల్వు అడుగుకొచ్చి ఆగాలి. రిమ్ము పట్టుకుని పక్కకు ఊపితే మాత్రం కదలకూడదు. పై నట్టు బిగించేసరికి కోన్ కూడా కాస్త తిరిగి లెక్క మారిపోతుంది. చేయి తిరిగినవాడు దానికి ముందే కొంచెం వదులు ఉంచుకుంటాడు.

చక్రం బెండు తీయడానికి కావాల్సింది ఒక సుద్దముక్క, నిపుల్ తిప్పే కీ. సుద్దను కదలకుండా రిమ్ము పక్కన పట్టుకుని చక్రం తిప్పితే, వంగిన చోటే గీత పడుతుంది. అక్కడ ఆ వైపు పుల్లలు పావు చుట్టు వదులు, ఎదుటి వైపువి పావు చుట్టు బిగువు. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. ఎక్కువసార్లు విరిగేది వదులైన పుల్లే. చక్రం తిరిగే ప్రతిసారీ కిందికొచ్చిన పుల్ల బిగువు తగ్గి, పైకెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. 28 అంగుళాల చక్రం కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు తిరుగుతుంది. అన్నిసార్లూ సడలి బిగిసి, చివరికి హబ్బు దగ్గరి వంపులో ఇనుము అలసి పుటుక్కుమంటుంది. అందుకే మంచి మెకానిక్ బెండు తీశాక పుల్లల్ని జంటలుగా నొక్కి చూస్తాడు, వేలితో మీటి మోత వింటాడు.

తొక్కినప్పుడల్లా టక్కుమంటోందంటే పెడల్ రాడ్డును ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్ను అరిగినట్టే. నాలుగు డబ్బుల సామాను. దాన్ని పట్టించుకోకపోతే అరిగేది ఇరుసు.

ఈ బండి గొప్పదనమంతా అరిగే ముక్క విడిగా దొరకడంలోనే ఉంది. అలాంటి నల్ల సైకిళ్లు చేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే! అయినా ఆ నల్ల సైకిళ్లు ఆగిపోలేదు. కోన్లు, కాటర్లు, బాల్స్ కొలతలు చాలావరకు ఒకటే కావడంతో ఏ కంపెనీవైనా సరిపోతాయి. ఇప్పటి గేరు సైకిళ్ల సీల్డు బేరింగులు సుఖమే, కాదనను. ఊరికే విప్పే పని లేదు, పోయినప్పుడు మొత్తం తీసి కొత్తది వేయడమే. కానీ వాటి సన్నటి చైన్లు, పళ్లు ఇంకా త్వరగా అరుగుతాయి, వాటి ఖరీదూ ఎక్కువే. కాబట్టి కొలిచి చూసే అలవాటు వాటికే ఎక్కువ అవసరం.

పిల్లల స్కేలు ఒకటి తీసుకుని ఈ ఆదివారం మీ సైకిల్ చైను కొలవండి. పదహారో వంతు దాటితే, కోన్ విప్పి వెలుగుకు పట్టి చూసే మెకానిక్ మీ వీధిలో ఇంకా ఉంటే, బండి అతనికే ఇవ్వండి. కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.