ఆకాశభాషితమును రచ్చబండమాటయు

భాణమను రూపకమునకు లక్షణము చెప్పుచు ధనంజయుడు తన దశరూపకమున నొక వింత యేర్పాటును పేర్కొనెను. రంగమున విటుడొక్కడే యుండును. రెండవ పాత్ర లేదు. అతడు మొగము పైకెత్తి, ఎవ్వరో తన్ను పలుకరించినట్లు నటించి, "ఏమనుచున్నావు?" అని తానే యడుగును, కనబడని యా మనుష్యుని మాటను తానే వల్లించును, దానికి బదులును తానే చెప్పును. దీనికి ఆకాశభాషితమని పేరు. చూపరులకు సంభాషణ విన్నట్లే యుండును గాని, వినబడినది ఒక్క గొంతు మాత్రమే.

రేడియోలో రాజకీయమును గూర్చియు, సంసారమును గూర్చియు, ఊరి మంచిచెడ్డలను గూర్చియు జరుగు సంభాషణలను వినునపుడెల్ల మాకీ లక్షణము జ్ఞప్తికి వచ్చుచుండును. మన దేశమున ప్రభుత్వ ప్రసారసంస్థకు 1957 నుండి ఆకాశవాణి యను పేరు స్థిరపడినది; అంతకు ముందే 1935 లో మైసూరున గోపాలస్వామిగారు నెలకొల్పిన కేంద్రమున కా పేరు కలదు. పేరు శ్రావ్యమైనదే. కాని పురాణములలో ఆకాశవాణి చేయునదేమి? కంసునకు చెప్పవలసినది చెప్పి యూరకుండును. ఎదురు ప్రశ్న వినదు. కావున ఒకవంక బదులు వినని ఆకాశవాణి, ఒకవంక బదులును తానే కల్పించుకొను ఆకాశభాషితము. ఈ రెండింటికిని వెలుపల, చెప్పువాడును వినువాడును క్షణక్షణము తావులు మార్చుకొను రచ్చబండమాట. మన ప్రాంతీయ ప్రసారసంభాషణము లీ మూటిలో నే కోవకు చెందునో, వానిని సాహిత్యముగా నెంచదగునో కాదో విచారించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఘనపూరు సీమకు సంభాషణకళ క్రొత్త కాదు. స్టేషన్ ఘనపూరునుండి రైలెక్కినచో కాజీపేట మీదుగా ఓరుగల్లు చేరుటకు ఎంతో సేపు పట్టదు. ఆ యోరుగంటి వీథులలోనే వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము నడచినది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. భాణమున కొక్కడే పాత్ర, వీథికో, ఇద్దరుండవచ్చును. గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నగరమును చుట్టివచ్చుచు, చూచినదెల్ల ముచ్చటించుకొందురు. పూటకూళ్ల యిల్లు, వీరగాథలు పాడువారు, జాతరలు, బేరములు అన్నియు నా మాటలలోనే మన కగుపించును. ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు సెట్టి. ఒకే వీథిని రెండు కన్నులతో చూతురు. ఓరుగంటి సాంఘికచరిత్రకై శాసనములను వెదకువారును ఈ ముచ్చటల కడకు రాక తప్పలేదు. ఇద్దరు మిత్రుల కబుర్లు చరిత్ర కాధారమైనవనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

జానపదకళలలోను ఇదే తీరు. బుర్రకథలో కథకుని కిరుప్రక్కల వంతలు ఇరువురుందురు: ఒకనిది హాస్యము, ఒకనిది రాజకీయము. కథకుడు చెప్పుదానిని అడ్డగించి ప్రశ్నించుట వారి పని. రాజకీయమునకును, ఇంటి నవ్వులకును ప్రత్యేకముగా మనుష్యుల నేర్పరచిన కథారూపము మన తెలుగువారిదే. ఒగ్గుకథలోను కథకు డొంటరిగా కథ నడుపడు. ఆ విద్యలో పేరుగాంచి 2017 లో కీర్తిశేషుడైన చుక్క సత్తయ్య, లింగాల ఘనపూరు మండలములోని మాణిక్యాపురమువాడే. అడుగువాడు లేనిదే కథ సాగదని యీ కళ లన్నియు నమ్మినవి.

ఇక రేడియో సంగతి. మదరాసు కేంద్రము 1938 జూన్ 16న తెరువబడినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. హైదరాబాదున నిజాము పరిపాలనలో నడచిన దక్కన్ రేడియో 1950 లో అఖిలభారత సంస్థలో చేరినది. వరంగల్లు కేంద్రము 1990 నాటిది. ఇన్ని కేంద్రములలోను తొలినాటినుండి ప్రసంగమునకు పీట వేయబడినది. సంభాషణయో, చాలవరకు ముందుగా వ్రాసి, పెద్దలు చూచి, చదివింపబడినదే. అందలి రైతు, "అయ్యా, పంటమార్పిడివలన కలుగు లాభము లెట్టివి?" అనును. "మంచి ప్రశ్న వేసితివి" అని యధికారి యుపన్యాసమునకు దిగును. తాతలనాటినుండి సేద్యము చేయుచున్నవాడు ఏమియు నెరుగనివానివలె నడుగవలెను; చెప్పువాడు సర్వజ్ఞునివలె పలుకవలెను. గొంతులు రెండైనను మాట యొకటే. ఇది శుద్ధమైన ఆకాశభాషితము.

అయితే ఆ చట్రములోనే ప్రాణము పోసినవారును లేకపోలేదు. హైదరాబాదు కేంద్రపు కార్మికుల కార్యక్రమములో చిన్నక్కగా రతన్ ప్రసాద్ గారి గొంతు వినినవారు, ఆమెను తమ వాడలోని మనిషిగానే తలచిరి. విజయవాడనుండి ఉషశ్రీగారు నడపిన ధర్మసందేహములలో శ్రోతల లేఖలే మొదటి పాత్ర. లేఖయు సంభాషణమే; కాని పోయివచ్చుట కాలస్యమైన సంభాషణము. అందు ప్రశ్న శ్రోతదే యైనను, ప్రతిప్రశ్న కవకాశము లేదు. తరువాత టెలిఫోను వచ్చి యాలస్యము తీర్చినది గాని, మీట మాత్రము కేంద్రమువారి చేతిలోనే నిలిచినది. శ్రోత తన పేరును ఊరును చెప్పి, బాగోగు లడిగించుకొని, అసలు మాటకు వచ్చునప్పటికి సమయము ముగియును. 1932 లోనే జర్మను నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ ఈ లోపమును పట్టెను. రేడియో పంచిపెట్టుటకే గాని పుచ్చుకొనుట కేర్పడలేదనియు, వినువానిని పలికింప నేర్చినగాని అది సార్థకము కాదనియు నాతని వాదము.

ఆ వాదమునకు తెలుగునాట నిలువెత్తు దృష్టాంత మొకటి కలదు. జహీరాబాదు ప్రాంతమున మాచునూరను గ్రామములో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పేద దళిత స్త్రీలు నడుపు సంఘం రేడియో యది. వారు 1998 ప్రాంతముననే పరికరములు సమకూర్చుకొని, మాట్లాడుటయు ముద్రించుటయు నేర్చిరి. కాని అనుమతి లేదు. గాలిలోని తరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995 లోనే తీర్పు చెప్పినను, స్వచ్ఛందసంస్థలకు సాముదాయిక రేడియో పెట్టుకొన ననుమతించు నియమములు 2006 లో గాని రాలేదు. అంతవరకు నా స్త్రీలు తమ మాటలను టేపుల కెక్కించి, సంఘపు కూటములలో వినిపించుకొనుచు వచ్చిరి. తుదకు 2008 అక్టోబరు 15న, ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తులలో నొకరగు పి.బి. సావంత్ గారి చేతుల మీదుగా ప్రసార మారంభమైనది. పదియేండ్లు గాలికై వేచియున్న మాట యది!

అచ్చట కొర్రలు, సామలు, విత్తనములు, పశువుల రోగములు, ఆడవారి యారోగ్యము, పండుగపాటలు ముచ్చటలగును. చెప్పువా రా చేలవారే. వినువారు నా చేలవారే. నేడు చెప్పినది తప్పైనచో రేపు సంతలో నెదురుపడి యడుగుదురు. మా దృష్టిలో సంభాషణమునకు గీటురాయి యిదియే: చెప్పినవాడు తన మాటకు బదులు చెప్పుకొనవలసినచోట నున్నాడా లేడా?

ఇట్టి సంభాషణమున సాహిత్యగుణ మెట్లుండునో చూపుటకు మేమే యొక మచ్చు కల్పించి యిచ్చట నుంచుచున్నాము. ఘనపూరు వైపు ఇద్దరు స్త్రీలు కలిసికొనిరి:

"అక్కా, ఈసారి గూడ పత్తేనా?"

"పత్తి గాక ఏమున్నది? పోయిన్యాడు కంది ఏస్తె కోతులు ఉంచినయా?"

"కోతులు మన చెలకలల్లనే పడ్తయి. చెరువుకింద మడులున్నోళ్ల దిక్కు పోతయా?"

మూడే వాక్యములు. మొదటిది కుశలప్రశ్నవంటిది. రెండవదానిలో వెనుకటి యేటి నష్టమంతయు నిమిడియున్నది. ప్రశ్నకు ప్రశ్నయే బదులైనది. మూడవది కోతులమీదిది కాదు. నీరున్నవారికిని లేనివారికిని నడుమనున్న గోడమీదిది. ఇంటి వ్యవహారముగా మొదలైన మాట, ఎవ్వరును తలపెట్టకయే, ఊరి రాజకీయమునకు చేరినది. దీనిని గ్రాంథికమున వ్రాసి చదివింపుడు. ఆ గోడ మాయమగును. "ఉంచినయా" యను ఆ విరుపులోనే కవిత్వమున్నది. శిష్టభాషయందు మాకు గల గౌరవ మీ వ్యాసభాషయే చెప్పగలదు. అయినను, పలుకుబడి పుట్టినచోటనే పలుకు బ్రతుకునని యొప్పుకొనక తప్పదు. ఎన్నో యేండ్లు తెలంగాణపు పలుకుబడి రేడియోలో నవ్వించు పాత్రలకే యెక్కువగా పరిమితమై యుండుట మన సంభాషణసాహిత్యమునకు కలిగిన పెద్ద లోటు.

ఇచ్చట చిక్కు ప్రశ్న యొకటి కలదు. 2006 నాటి నియమములు సాముదాయిక కేంద్రములకు వార్తలను, వర్తమాన వ్యవహారములను, రాజకీయస్వభావము గల కార్యక్రమములను నిషేధించినవి. తరువాత ఆకాశవాణి వార్తలను మార్పు లేక యథాతథముగా వినిపించుటకు మాత్రము అనుమతి లభించినది. ఆకాశవాణిలోను పార్టీలవారు ఎన్నికల ప్రసంగములు చేయుట 1977 లో గాని మొదలు కాలేదు. నిషేధమును సమర్థించువారి వాదము త్రోసివేయదగినది కాదు. 100 వాట్ల చిన్న కేంద్రమును ఊరి పెత్తందారు వశపరచుకొన్నచో, అది యొకరి పగకు కొమ్ముబూర యగును. పల్లెలో కులపు తగవున కొక్క మాట చాలును. ఈ భయము నిజము.

కాని మందు రోగమునకు సరిపోయినదా? పైన చూచితిమి: కోతుల ముచ్చట మూడవ వాక్యమున రాజకీయ మగును. కూలి, రేషను బియ్యము, చెరువు తూము, బడి పంతులు రాకపోవుట, వీనిలో రాజకీయము కానిదేది? పార్టీ పేరెత్తకుండ జేయుట సాధ్యము. రాజకీయము లేకుండ జేయుట అసాధ్యము. నిషేధమున్నచో మాట ఆగదు; బెదరి, చివరి వాక్యమును మ్రింగును. సంభాషణమున సారము చివరి వాక్యముననే యుండునని క్రీడాభిరామము చదివినవా రెరుగుదురు. పెత్తందారు భయమునకు మందు బుర్రకథయే చెప్పుచున్నది: కథకుని కొక్క వంత చాలదు, ఇద్దరుండవలెను. మాటను మూయుటకంటె ఎదురుమాటకు పీట వేయుట మేలు.

ఘనపూరు పేరు గల యూళ్లనే చూడుడు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా విడిపోగా, స్టేషన్ ఘనపూరును, లింగాల ఘనపూరును జనగామ జిల్లాలో పడినవి. కోటగుళ్లు గల ఘనపూరు భూపాలపల్లి జిల్లాలో చేరినది. 2019 లో ములుగు వేరొక జిల్లా యైనది. ఆడపిల్ల నిచ్చిన యూరొక జిల్లా, పుట్టినయూ రొక జిల్లా, కాగితమునకు పోవలసిన కచేరి యింకొకచోట. కుటుంబము, సమాజము, రాజకీయము మూడును ముడివడిన యీ యనుభవమును గూర్చి యూరివారేమి చెప్పుకొనిరి? ఉత్తర్వులు మనకు దొరకును. మాటలు దొరకవు. టేపులు ప్రియమైన దినములలో నొకదానిపై నింకొకటి యెక్కించుట వాడుక కాగా, ఎన్నో సంభాషణలు పుట్టినచోటనే నశించినవి. నేడు ముద్రించుట సులభము, భద్రపరచువారే కొరత.

ఒకప్పుడు జానపదగేయములను పామరుల పాటలని విద్వాంసులు తలయెత్తి చూడలేదు. బిరుదురాజు రామరాజుగారివంటివారు పల్లెపల్లె తిరిగి సేకరించిన పిదప అవియే విశ్వవిద్యాలయములలో పాఠ్యములైనవి. ప్రసారసంభాషణలకును అట్టి సేకర్తలు కావలెను. ఎవరు, ఏ యూర, ఏ నాడు, ఎవరితో పలికిరో గుర్తించి, యాసను దిద్దక, పలికినవారి సమ్మతితో వ్రాసి యుంచవలెను. పరిశోధనసంస్థలకు తామ్రశాసన మెంత విలువయో, చెరువుగట్టుమీది మాటయు నంత విలువయే. మంచనశర్మయు టిట్టిభసెట్టియు నాడు ముచ్చటించుకొనని యోరుగల్లు, నేడు మనకు సగమే తెలిసియుండెడిది. నేటి ఘనపూరు ముచ్చటలను వినుటకు మన మాలసించినచో, రేపటివారికి మిగులునది ఆకాశభాషితము మాత్రమే, "ఏమనుచున్నావు?" అని వారడుగుదురు, బదులును వారే కల్పించుకొందురు.