గోడకూ ఒక గడువు

ఎన్నికల షెడ్యూలు వెలువడిందంటే చాలు, మన ఊళ్ళల్లో గోడలు ఒక్కసారిగా తేటపడతాయి. 2023 అక్టోబరు 9న తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించగానే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. మున్సిపల్ సిబ్బంది నిచ్చెనలు, సున్నం బకెట్లు తీసుకుని రోడ్డెక్కారు. ఎన్నికల సంఘం పెట్టే గడువులో సందేహానికి చోటు లేదు. ప్రభుత్వ కార్యాలయాల గోడల మీది రాతలు, పోస్టర్లు 24 గంటల్లో పోవాలి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, వంతెనలు, కరెంటు స్తంభాల మీదివైతే 48 గంటలు. అనుమతి లేకుండా సొంత ఇళ్ళ గోడల మీద రాసినవైతే 72.

ఏళ్ళ తరబడి కదలని రాత మూడు రోజుల్లో పోతుంది. మనుషులు వాళ్ళే, బకెట్లు అవే. కొత్తగా వచ్చినదల్లా గడువు, అది దాటితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అధికారి.

ఫిర్యాదు సంగతీ అంతే. 2018 శాసనసభ ఎన్నికలకు తెలంగాణలో వాడుకలోకి వచ్చిన సి-విజిల్ యాప్‌లో ఫొటో గానీ చిన్న వీడియో గానీ అక్కడికక్కడే తీసి పంపాలి. ఫోనులో దాచుకున్న పాత ఫొటోలు చెల్లవు. ఎక్కడ తీసిందీ యాప్ తానే పట్టేస్తుంది. పేరు చెప్పకుండానూ పంపవచ్చు. వీధిలో పార్టీ కార్యకర్తలతో రోజూ మొహాలు చూసుకునేవాళ్ళకు ఇది ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. ఫిర్యాదు అందిన 100 నిమిషాల్లో సంగతి తేల్చాలన్నది లక్ష్యం.

ఓట్ల లెక్కింపు ముగిశాక ఈ ఏర్పాటంతా మూలన పడుతుంది. కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, మొలల వైద్యుల ప్రకటనలు, జన్మదిన శుభాకాంక్షలు మళ్ళీ గోడెక్కుతాయి. బహిరంగ స్థలాలను ఇలా పాడుచేయకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. కాలనీ సంఘాలు ఫిర్యాదులూ చేస్తూనే ఉంటాయి. అయితే ‘మా వీధిలో గోడలు పాడుచేస్తున్నారు’ అని రాస్తే అందుకున్నవాడు ఎక్కడికని వెళ్తాడు? ఏ గోడ, ఎవరిది, సున్నం వేసినదా రాతిదా, పక్కన గుర్తుగా ఏముంది అన్నవి ఉంటేనే పనివాడు తగిన సామానుతో వస్తాడు.

సామాను తేడా చిన్నదేమీ కాదు. పోస్టర్ అంటించేవాళ్ళు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు వాడతారు. దాన్ని పొడిగా పీకితే కాగితంతోపాటు గోడ రంగూ పెచ్చులుగా ఊడొస్తుంది. బాగా నీళ్ళు కొట్టి, కాగితం ఉబ్బేదాకా ఆగి, వెడల్పాటి బ్లేడును ఏటవాలుగా పోనిస్తే నాలుగైదు పొరలు ఒకేసారి జారిపోతాయి. ఎరుపు, నీలం రంగుల రాతలది వేరే తంటా. పైన ఒక్క పూత సున్నం కొడితే ఆ పూటకు కనిపించవు, ఆరాక అక్షరాలు మళ్ళీ పైకి తేలతాయి. ముందు గీకాలి, తర్వాత రెండు పూతలు పడాలి. గడువు కోసం హడావుడిగా కొట్టిన గోడల మీద పాత నినాదాలు చదవగలగడానికి కారణం ఇదే.

ఆలస్యం చేయకపోవడం వల్ల ఏమవుతుందో న్యూయార్క్ భూగర్భ రైళ్ళు చూపించాయి. 1970లలో అక్కడి బోగీలు లోపలా బయటా రాతలతో నిండిపోయాయి. 1984లో మొదలైన శుభ్రత కార్యక్రమంలో పెట్టుకున్న కట్టుబాటు ఏమిటంటే, ఒకసారి శుభ్రం చేసిన బోగీ మీద మళ్ళీ రాత పడితే అది తుడిచేదాకా పట్టాలెక్కకూడదు. రాసినవాడికి తన పేరు ఊరంతా తిరగడం చూసుకునే ముచ్చట లేకుండా పోయింది. 1989 మే 12న రాతలున్న చివరి రైలును తప్పించారు.

అలాగని ప్రతి గోడ దగ్గరా తొందర పనికిరాదు. గోల్కొండకు వెళ్ళండి. భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడని తానీషా బంధించిన కంచర్ల గోపన్న, మన రామదాసు, చెరసాల గోడ మీద చెక్కుకున్నాడని చెప్పే సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలకు జనం నేటికీ దండం పెట్టుకుంటారు. అదే కోటలో తాళంచెవులతో గీకిన పేర్లు, బాణం గుచ్చిన హృదయాలు! ఇలాంటి కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా విధించేలా 2010లో చట్టాన్ని సవరించారు. శిక్ష పడినా గీత మాత్రం పూడదు. డంగు సున్నపు గచ్చు మీద లోతుగా దిగిన అక్షరాన్ని తుడవలేరు, అదే రకం సున్నంతో నింపాలి. ఇనుప బ్రష్షు, యాసిడ్ పడితే రాతతోపాటు గచ్చూ పోతుంది. సదుద్దేశంతోనే చీపుర్లు పట్టుకుని బయల్దేరే కాలేజీ కుర్రాళ్ళకు ఎవరైనా ఇది ముందే చెప్పాలి. వాళ్ళు చేయగలిగిన అసలు మేలు వేరే ఉంది. కొత్త రాత కనబడిన రోజే ఫొటో తీసి, ఏ గది, ఏ వైపు గోడ, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాసి పురావస్తు శాఖ సిబ్బందికి అందజేయాలి. బొగ్గుతో రాసిందైతే మెత్తని బ్రష్షుకు పోవచ్చు. రంగైతే ఏ మందు వాడాలో వాళ్ళు ఓ మూల కొద్దిగా పూసి చూసి తేల్చుకుంటారు.