డిస్‌ప్లే వచ్చాకే అసలు పని

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ర్యామ్ కొనేవాళ్ల తొందరంతా ఇంటికెళ్లి బిగించడం మీదే ఉంటుంది. బిగించడం పది నిమిషాల పని. డిస్‌ప్లే వచ్చి, 16 జీబీ కాస్తా 32 అయినట్టు కనిపిస్తే పనైపోయిందనుకుంటారు. నా లెక్కలో అప్పటికి సగమే అయింది.

బిగించడానికీ ఓ పద్ధతుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఓసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి. డీడీఆర్4 ర్యామ్‌కు అడుగున 288 పిన్నులు, నడిమికి కాస్త పక్కగా ఓ గాటు ఉంటాయి. గాటు సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుని రెండు చివరలా బొటనవేళ్లతో నొక్కితే క్లిప్పు టక్కుమని పడుతుంది. ఆ చప్పుడు వినేదాకా వదలకూడదు. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి.

బిగించాక పరీక్షించే అలవాటు ఒకప్పుడు ఉండేది. సౌండ్ కార్డు ప్రాసెసర్‌ను పిలిచేందుకు వాడే ఐఆర్‌క్యూ నంబరు జంపర్లతో మనమే కుదిర్చిన కాలంలో రెండు కార్డులు ఒకే నంబరుకు పోటీపడితే సిస్టమ్ అక్కడికక్కడే బిగుసుకుపోయేది. అందుకే ఏ కార్డు పెట్టినా పరీక్షించి చూసుకునేవాళ్లం. విండోస్ 95తో ప్లగ్ అండ్ ప్లే వచ్చాక ఆ తిప్పలు తగ్గాయి, ఆ అలవాటూ పోయింది.

ర్యామ్ విషయంలో ఆ అలవాటు పోవడం ప్రమాదం. ఒక్క బిట్ తారుమారైనా సిస్టమ్ చాలాసార్లు ఆగదు, తప్పునే భద్రంగా సేవ్ చేస్తుంది. సర్వర్లలో అలాంటి తప్పును పట్టి దిద్దే ఈసీసీ మెమరీ వాడతారు. మన ఇళ్లలోని డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఆ రక్షణ లేదు.

తెలిసిన ఫొటో స్టూడియో ఆయన ఓసారి ఫోన్ చేశారు. ‘‘హార్డ్‌డిస్క్ పోయినట్టుందండీ, పెళ్లి ఫొటోలు సగం నుంచి బూడిదరంగు చారలొస్తున్నాయి.’’ డిస్క్ శుభ్రంగానే ఉంది. కొత్తగా ర్యామ్ వేయించారని తెలిసి, మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాను. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన ప్రోగ్రాం అది. విండోస్ లేవకముందే నడుస్తుంది కనుక దాదాపు మెమరీ అంతటినీ తడుముతుంది. సున్నాలు, ఒకట్లు రకరకాల వరసల్లో రాసి, తిరిగి చదివి పోలుస్తుంది. మొదటి టెస్టులన్నీ ప్రశాంతంగా దాటాయి. చాలాసేపటికి ఎర్రటి వరసలు పడ్డాయి, అన్నీ దగ్గరదగ్గర అడ్రసుల్లోనే. ఒక్కో స్టిక్కే ఉంచి మళ్లీ నడిపితే కొత్తదే దోషి అని తేలింది. కెమెరా మెమరీ కార్డులు ఇంకా చెరపలేదు కాబట్టి ఆ పెళ్లి ఫొటోలు దక్కాయి.

అందుకే, ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆఫ్‌లో ఓసారి, ఆన్ చేసి ఇంకోసారి టెస్టు నడపనిదే సిస్టమ్ ఇవ్వను. 32 జీబీకి గంటలు పడుతుంది, రాత్రంతా వదిలేయాల్సిందే. సాయంత్రమే కావాలని పట్టుబట్టేవాళ్లకు నేను చెప్పేదొకటే: రేపు పొద్దున రండి, టెస్టు ఫలితం తెర మీద చూసి తీసుకెళ్లండి.