ముప్పది మార్కుల పరీక్షలో ముదుసలి మనస్సు

జ్వరమును కొలుచుటకు థర్మామీటరు కలదు. అది చదువు వచ్చినవానికిని, రానివానికిని ఒకే తీరున పనిచేయును. వ్రేలిముద్ర వేయువాని జ్వరము 102 డిగ్రీలైనచో, పట్టభద్రుని జ్వరమువలెనే అదియు 102 డిగ్రీలే. మరి జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని కొలుచు సాధనము అట్టిదియేనా? వృద్ధుల మానసిక వైద్యమును మెరుగుపరచవలెనన్నచో ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలెను. కొలత తప్పినచో, దాని వెనుక వచ్చు వైద్యము కూడ త్రోవ తప్పును గదా.

1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ అను మువ్వురు ఒక చిన్న పరీక్షను ప్రకటించిరి. దీనిని ‘మినీ మెంటల్ స్టేట్’ పరీక్ష అందురు. అంతకు ముందున్న పరీక్షలు దీర్ఘములై వృద్ధులను అలయించుచుండెను. ఇదియో, ఇంచుమించు పది నిమిషములలో ముగియును. మొత్తము 30 మార్కులు. వాని పంపకము ఇట్లున్నది: సంవత్సరము, ఋతువు, నెల, తేదీ, వారము చెప్పుటకు 5, తానున్న చోటును గూర్చి చెప్పుటకు 5, మూడు వస్తువుల పేర్లు విని వెంటనే పలుకుటకు 3, 100 నుండి 7 చొప్పున ఐదు మారులు తీసివేయుటకు 5, ఇందాకటి మూడు పేర్లను మరల జ్ఞప్తికి తెచ్చుకొనుటకు 3, గడియారమును, పెన్సిలును చూచి వాని పేర్లు చెప్పుటకు 2, ఒక మాటను ఉన్నదున్నట్లు తిరిగి పలుకుటకు 1, కాగితమును తీసికొని, మడిచి, నేలపై పెట్టుమను మూడంచెల ఆజ్ఞకు 3, వ్రాసియున్న ఆజ్ఞను చదివి కన్నులు మూయుటకు 1, ఒక వాక్యము వ్రాయుటకు 1, ఒకదానిపై నొకటి పడియున్న రెండు పంచభుజములను చూచి గీయుటకు 1. మార్కులు 24 కంటె తగ్గినచో, డిమెన్షియా అనబడు మతిక్షయ వ్యాధి యుండునేమో అని సందేహించుట వాడుక యైనది.

ఈ పరీక్షకు గల సుగుణములను ముందుగా ఒప్పుకొనవలెను. ఏ పరికరమును అక్కరలేదు. ఏ డాక్టరు అడిగినను ప్రశ్నలు అవియే. ఆరు మాసముల తరువాత మరల అడిగి, మార్పును పోల్చి చూడవచ్చును. “ముసలితనములో చాదస్తము సహజమే” అని చేయి విదల్చుకొను అలవాటునకు బదులు, ముదుసలి ఎదుట కూర్చుండి పది నిమిషములు శ్రద్ధగా వినుట అను మంచి అలవాటును ఇది వైద్యులకు నేర్పినది. అందువలననే ప్రపంచమంతటను వ్యాపించినది.

ఇక లోపమును చూతము. దానిని తెలిసికొనుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. కూడికలు, తీసివేతలు చాలును. బడి ముఖము చూడని ఒక అవ్వను తీసికొనుడు. ఆమె చదువలేదు, వ్రాయలేదు, చేత పెన్సిలు పట్టి బొమ్మ గీయలేదు. మూడు మార్కులు పోయినవి. నూరు నుండి ఏడేడు తగ్గించుచు పోవుట ఎక్కముల చదువు. ఐదు మార్కులు పోయినవి. మిగిలినవి 22. అనగా తక్కిన ప్రశ్నలలో ఒక్క తప్పు చేయకున్నను ఆమె 24 చేరజాలదు! అదే అవ్వ సంతలో ముప్పావు కిలో వంకాయల వెల నోటితోనే లెక్కగట్టి, చిల్లర సరిచూచుకొని ఇంటికి వచ్చును. ఆమె మతి క్షీణించినదా, లేక పరీక్ష ఆమెను చూడలేకపోయినదా?

ఇది ఊహ మాత్రమే కాదు. 1993లో అమెరికాలో 18,056 మంది పెద్దల మార్కులను పరిశీలించి ప్రకటించిరి. తొమ్మిదేండ్లు గాని, అంతకు మించి గాని చదివినవారి మధ్యమ విలువ 29. ఐదు నుండి ఎనిమిదేండ్లు చదివినవారిది 26. నాలుగేండ్లు గాని, అంతకంటె తక్కువగా గాని చదివినవారిది 22. మధ్యమ విలువ యన్న సగము మంది దానికి పైన, సగము మంది క్రింద నుండు సంఖ్య అని విద్యార్థులకు తెలియును. కనుక చదువు తక్కువైనవారిలో సగమునకు పైగా 24 గీత క్రిందికే వత్తురు. వారందరును రోగులా? 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో అరువది దాటినవారిలో అక్షరాస్యులు నూటికి 44 మంది మాత్రమే. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన పెట్టినచో ప్రమాదము తెలియగలదు.

చదువు ఒక్కటే కాదు, వాడుక కూడ అడ్డు వచ్చును. తేదీ అడిగినప్పుడు పల్లెటూరి పెద్ద “మాఘ బహుళ ఏకాదశి” అనవచ్చును. పంచాంగము ప్రకారము అది ముమ్మాటికి నిజము. కాగితముపై మాత్రము సున్న. పెంకుటింటివారిని “ఇది ఎన్నవ అంతస్తు?” అని అడుగుట వ్యర్థము. తిరిగి పలుకవలసిన ఆంగ్లపు మాట చిన్నచిన్న అవ్యయముల వరుస. నాలుక తడబడునో లేదో చూచుటకై దానిని ఎన్నుకొనిరి. మాటకు మాట తెలుగు చేసినచో ఆ తడబాటుకు తావు పోయి, అర్థము లేని పలుకు మాత్రము మిగులును. పరీక్షను భాషాంతరీకరించుట వేరు, ఆ దేశములో పునర్నిర్మించుట వేరు.

అట్టి పునర్నిర్మాణమునకు మన దేశములోనే మంచి నిదర్శనము కలదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెలలో పనిచేసిన మేరీ గంగూలీ మొదలగువారు 1995లో హిందీ రూపమును ప్రకటించిరి. వ్రాసిన ఆజ్ఞకు బదులు పరీక్షకుడే కన్నులు మూసి, తాను చేసినట్లు చేయుమనును. ఏడేడు తగ్గించుటకు బదులు వారముల పేర్లను వెనుకనుండి చెప్పించును. వాక్యము వ్రాయుటకు బదులు ఇంటిని గూర్చి ఒక మాట చెప్పించును. కొలువదలచిన శక్తి అదే; అక్షరముల అడ్డు మాత్రము తొలగినది. దేశమంతట అరువది దాటినవారిని పరిశీలించి 2023లో ప్రకటింపబడిన అధ్యయనములో ఈ హిందీ పరీక్షయు ఒక భాగము. వారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, మతిక్షయ మున్నదని ఆ అధ్యయనపు అంచనా.

“చదువురానివారికి కొన్ని మార్కులు కలిపినచో సరిపోదా?” అని కొందరందురు. సరిపోదు. కలిపిన మార్కు ఆమెకు ఏమి తెలియునో చెప్పదు, తెలియనిదానిని కప్పిపుచ్చును. పైగా లోపము రెండవ వైపునను కలదు. నలువదేండ్లు పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడు, మతి తగ్గుచున్నను, పూర్వాభ్యాసముచే 28 మార్కులు తెచ్చుకొని “ఆరోగ్యవంతుడు” అనిపించుకొనవచ్చును. అందుచేత మనిషిని ఇతరులతో గాక తన నిన్నటితో పోల్చుట మేలు. 1989లో ఆస్ట్రేలియాలో జార్మ్ మొదలగువారు రూపొందించిన ప్రశ్నావళి ఈ పనియే చేయును. పదేండ్ల క్రిందటికంటె ఇప్పుడు ఎట్లున్నారని ఇంటివారినే అడుగును.

హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో 648 మంది మతిక్షయ రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితము ఇచట స్మరింపదగినది. ఒకే భాష వచ్చినవారికంటె రెండు గాని, అంతకు మించి గాని భాషలు మాటాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనిపించినది. బడికి పోనివారిలోను ఈ తేడా యుండెను. భాషలే దీనికి కారణమని ఇంతమాత్రముచే తేల్చి చెప్పరాదు. కాని సంతలో, పనిలో, ఇరుగుపొరుగులో తెలుగును, ఉర్దూను కలిపి వాడుకొను మనస్సు బడికి వెలుపల కూడ సాధన చేయుచున్నదని అది సూచించును.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఇంకొకటి. తక్కువ మార్కులకు మతిక్షయమే కారణము కానక్కరలేదు. చెవి వినబడనివాడు ప్రశ్ననే వినడు. థైరాయిడ్ లోపము, బి-12 విటమిన్ కొరత, మందుల వికటము కూడ మతిని మందగింపజేయును. భర్త పోయిన తరువాత దిగులుతో కుంగిన స్త్రీ, ఏమడిగినను “ఏమో, తెలియదు” అని ఊరకుండును. ఆమెకు మతిక్షయమని ముద్రవేసి ఒక మూల కూర్చుండబెట్టినచో, నయముకాగల కుంగుబాటు నయము కాకయే పోవును. మాటల ద్వారా జరుగు చికిత్స, మందులు, తోడు ఆమెను మరల మనుష్యులలోనికి తేగలవు. ఆమె పోగొట్టుకొన్నది రెండు మార్కులు కాదు, మిగిలిన జీవితము.

కావున ముప్పది మార్కుల పరీక్షను పారవేయ నక్కరలేదు. దానిని తీర్పుగా గాక మొదటి ప్రశ్నగా వాడవలెను. ముందు చెవిని, కంటిని చూడవలెను. దిగులును గూర్చి అడుగవలెను. రక్తపరీక్ష చేయింపవలెను. ఇంటివారి మాట వినవలెను. ప్రశ్నలు ఆ ముదుసలి బ్రతికిన ఊరి భాషలో, ఆ ఊరి వస్తువులతో ఉండవలెను. ఒకే ప్రశ్నపత్రముతో పిల్లలందరి తెలివిని తూచుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. విద్యార్థులు తమ ఇంటి తాతను, అవ్వను అడిగి చూడవచ్చును: వారు కాలమును దేనితో గుర్తింతురు, లెక్కను ఎట్లు కట్టుదురు, దేనిని ఎన్నటికిని మరువరు? ఆ జవాబులలోనే మంచి తెలుగు పరీక్షకు కావలసిన ప్రశ్నలు కలవు.